టైమ్ చూపించని వాచీ

(పిల్లల చిత్రాల ప్రదర్శనలో 'స్పై కిడ్స్' మొదటి రెండు భాగాలు చూసిన తర్వాత చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకి ఇంకో నమస్కారం అదనం. ఇవాళ మాట్లాడేది మీ సినిమా గురించి. వెనకాల ఉన్న పెద్దవాళ్ళు మీకు తోడొచ్చారు, అంతే.

ఇదిగో, ఇది చూడండి. (జేబులోంచి తీసి చూపిస్తూ) రబ్బరు బ్యాండు. ఇప్పుడే సినిమా చూశారు కాబట్టి ఇదెక్కడిదో మీకు తెలుసు. రెండో భాగంలో పరికరాలు తయారుచేసే మచెటె, కథలోని అక్కాతమ్ముళ్ళు కార్మెన్, జూనీలకి ఇచ్చే అద్భుత పరికరం ఇదే. దీనికి 999 ఉపయోగాలున్నాయి, అవేమిటో మాత్రం మీ బుర్ర పెట్టి మీరే కనుక్కోవాలంటాడు. అదే సినిమాలో పిల్లల చేతికి ఒక వాచీ ఉంటుంది. అది చెయ్యని పనంటూ లేదు. టైమెంత అని అడిగితే మాత్రం చెప్పదు. లోపల అన్నీ కూరేసరికి గడియారానికి చోటు చాల్లేదట!

ఈ రెండు వస్తువులూ పక్కపక్కన పెట్టుకుంటే నేను చెప్పాల్సింది సగం అయిపోయినట్టే. మొదటి భాగం రబ్బరు బ్యాండు లాంటిది. రెండోది ఆ వాచీ లాంటిది. తమాషా ఏమిటంటే, ఆ సంగతి రెండో భాగానికే బాగా తెలుసు. తన జబ్బేమిటో తనకి తెలిసిన సినిమా అది. అందుకే నాకు దానిమీద కోపం రాదు.

ముందు మొదటిది ఎలా పుట్టిందో చూద్దాం. దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ అమెరికాలో టెక్సాస్ వాడు. పదిమంది పిల్లలున్న ఇంట్లో పెరిగాడు. 1992లో 'ఎల్ మరియాచి' అనే సినిమా సుమారు 7,000 డాలర్లతో తీశాడు. అందులో కొంత డబ్బు మందుల ప్రయోగాలకి తన ఒళ్ళు అప్పగించి సంపాదించాడు. అలాంటి మనిషి పిల్లల సినిమా తీస్తాడని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే తర్వాత తీసినవి ఎక్కువగా తుపాకుల సినిమాలే. 1995లో 'ఫోర్ రూమ్స్' సినిమాలో ఒక భాగం తీస్తున్నప్పుడు ఇద్దరు చిన్నపిల్లలకి కోటూ బో టై వేయించాడు. వాళ్ళని చూస్తే బుల్లి జేమ్స్ బాండుల్లా అనిపించారట. ఆ పిల్లల తండ్రి వేషం ఆంటోనియో బాండెరాస్‌ది. విత్తనం అక్కడ పడింది.

మరి ఇంటిపేర్లు, ఒంటిపేర్లు? ఇందులోనూ తండ్రి బాండెరాసే. ఆ పాత్రకి గ్రెగోరియో అని పెట్టాడు. అది రోడ్రిగెజ్ సొంత అంకుల్ పేరు. ఆయన నిజంగానే ఎఫ్‌బీఐలో పనిచేశాడు. తల్లి పాత్ర ఇంగ్రిడ్ పుట్టింటి పేరు అవెయాన్. అది అప్పటి ఆయన భార్య, ఈ సినిమా నిర్మాత ఎలిజబెత్ పుట్టింటి పేరు. అంటే ఇంట్లో వాళ్ళ పేర్లన్నీ తెచ్చి తెర మీద పరిచాడన్నమాట. హీరో కుటుంబం లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు, ఎందుకు కావాలి, మామూలు అమెరికన్లు అయితే పోదా అని స్టూడియో వాళ్ళు అడిగారట. బాండ్ సినిమా చూడ్డానికి బ్రిటిష్ వాళ్ళమే అయ్యుండాలా ఏమిటి అన్నది ఆయన జవాబు. ఆ జవాబుతోనే సినిమా నిలబడింది అంటాను నేను. ఎక్కడో ఎవరో కాకుండా ఫలానా ఇల్లు, ఫలానా కుటుంబం అన్నది దీని బలం.

ఇప్పుడు సినిమాలోకి వెళ్దాం. మొదలు గుర్తుందా? అమ్మ పిల్లల్ని పడుకోబెడుతూ కథ చెబుతుంది. రెండు శత్రుదేశాల గూఢచారులు ఉంటారు. ఒకరినొకరు చంపుకోమని పంపిస్తే ప్రేమించి పెళ్ళి చేసుకుంటారు. పెళ్ళి మీద హెలికాప్టర్లు వచ్చి పడితే కొండ మీంచి పారాచూట్‌తో దూకి పారిపోతారు. పిల్లలు అదేదో కట్టుకథ అనుకుంటారు. అది వాళ్ళ అమ్మానాన్నల కథే. సినిమా మొత్తం ఈ చిన్న మెలికలోంచే వచ్చింది.

కార్మెన్‌కి అమ్మానాన్నలంటే చిన్నచూపు. వాళ్ళా? గూఢచారులా? అంత సీనెక్కడిది అంటుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనం అనుకుంటాం చూడండి, సరిగ్గా అదే. ఇక జూనీ. వాడి అరచేతులకి చెమట, వేళ్ళకి పులిపిర్లు, వాటి మీద బ్యాండేజీలు. బడిలో స్నేహితులు లేరు. హీరో పిల్లాడికి పులిపిర్లు పెట్టాలన్న ఆలోచన ఎవరికొస్తుందండీ? అంత దగ్గరగా పిల్లల్ని చూసినవాడికే వస్తుంది. ఆ బ్యాండేజీలు నాకు సినిమాలో ఉన్న విమానాలన్నిటికంటే ఎక్కువ గుర్తున్నాయి.

అమ్మానాన్న మాయమయ్యాక పిల్లలు రహస్య స్థావరానికి చేరుకుంటారు. తలుపు తెరుచుకోవాలంటే కార్మెన్ తన పూర్తి పేరు చెప్పాలి. ఆ పేరు చాంతాడంత. ఎవరూ పిలవని, కన్నవాళ్ళు పెట్టిన ఆ మొత్తం పేరే తాళంచెవి. నాకు ఈ సీన్ చాలా ఇష్టం. రహస్యం ఎక్కడో దేశం సరిహద్దుల్లో లేదు, పిల్ల పేరులో ఉంది. విలన్లు వెతికే 'మూడో మెదడు', అంటే గూఢచారుల నైపుణ్యాలన్నీ నింపిన కృత్రిమ మెదడు కూడా అంతే. దాన్ని తయారుచేసింది నాన్న. నాశనం చేసెయ్యమంటే మనసొప్పక దాచేశాడు. అంటే ప్రపంచాన్ని ముంచే ప్రమాదం కూడా ఇంట్లో నాన్న చెప్పని ఒక సంగతిలోంచే పుట్టింది.

బంధుత్వాల గురించి ఒక్క మాట. ఇంగ్లీషు వాళ్ళకి 'అంకుల్' ఒక్కటే మాట, వాళ్ళకి హాయి. మనం ఈ సినిమా పిల్లలకి వివరించాలంటే బాబాయా, మావయ్యా, పెదనాన్నా అని తేల్చుకోవాలి. ఇంట్లో పెరిగినంత కాలం 'అంకుల్ ఫీలిక్స్' అని పిలిచినవాడు ఇంటి మీద దాడి జరిగిన రోజున, నేను మీ అంకుల్‌ని కాను అంటాడు. పిల్లల మీద కన్నేసి ఉంచడానికి వచ్చిన ఉద్యోగి అతను. ఎప్పుడూ చూడని, గ్యాడ్జెట్లు అమ్ముకునే మొరటు మనిషి మచెటె మాత్రం నాన్నకి తోడబుట్టినవాడు. అన్నదమ్ములకి ఏళ్ళ తరబడి మాటల్లేవు. గూఢచారి సినిమాలో మారువేషాలు మామూలే. ఇక్కడ మారువేషం వేసింది చుట్టరికమే.

టీవీ ప్రోగ్రాం నడిపే ఫ్లూప్ కోటలో ఉండే ఆ వింత బొమ్మలు కూడా గుర్తు చేసుకోండి. టీవీలో పిల్లల ప్రోగ్రాంలో అర్థంకాని పాట పాడుతుంటాయి. ఆ పాటని వెనక్కి తిప్పి వింటే, మమ్మల్ని కాపాడండి అని వినిపిస్తుంది. అవి రూపం మార్చేసిన గూఢచారులు. జూనీ రోజూ చూసి ముచ్చటపడే ప్రోగ్రాంలోనే ఆ కేక దాగి ఉంది. చిన్నపిల్లలకి ఇది ఎంత భయం వేస్తుందో, అంత సరదా కూడా వేస్తుంది. భయాన్నీ సరదానీ ఒకే గిన్నెలో కలపడం అందరికీ చేతకాదు.

సరే. 2001 మార్చి 30న విడుదలైంది. ఖర్చు 3.5 కోట్ల డాలర్లు, ప్రపంచవ్యాప్తంగా వచ్చింది 14 కోట్ల 70 లక్షల పైచిలుకు. అంత డబ్బొచ్చాక సీక్వెల్ రాకుండా ఎలా ఉంటుంది? అదీగాక పిల్లల సినిమాకి సీక్వెల్ తీయాలంటే కాలంతో పరుగుపందెం. పెద్ద హీరో అయితే పదేళ్ళు ఆగినా రంగేసి లాక్కురావచ్చు. పిల్లలు ఆగరు కదా, పొడుగైపోతారు, గొంతు మారిపోతుంది. అందుకే ఏడాదిన్నర కూడా తిరక్కుండా, 2002 ఆగస్టు 7న రెండోది దిగింది. ఖర్చు కాస్త పెరిగి 3.8 కోట్లయింది. వసూళ్ళు తగ్గి 12 కోట్ల దగ్గర ఆగాయి. నిడివి 88 నిమిషాల నించి 100 నిమిషాలకి పెరిగింది. ఆ పన్నెండు నిమిషాలు ఎక్కడివో నేను చెప్పగలను గానీ, అలిగే పిల్లలున్నారు ఇక్కడ. (నవ్వులు)

ఇప్పుడు అసలు చిక్కు. మొదటి భాగం చివర్లో పిల్లలకి అంతా తెలిసిపోయింది. అమ్మానాన్న ఎవరో తెలుసు, తాము ఏం చేయగలరో తెలుసు. ఇక ఇంట్లో దాచడానికి ఏమీ మిగల్లేదు. రహస్యం మీద బతికిన కథకి రహస్యం అయిపోతే ఏం చెయ్యాలి? రోడ్రిగెజ్ దాన్ని ఇంట్లోంచి తీసి దీవి మీద పెట్టాడు. ఎవరికీ కనపడని దీవి, దాని మీద అగ్నిపర్వతం, లోపల ఒక సైంటిస్టు. చూడ్డానికి బాగుంది. కానీ దీవి రహస్యం పిల్లలది కాదు. వాళ్ళు అక్కడికి డ్యూటీ మీద వెళ్ళారు.

డ్యూటీ అన్నాను కదా, అదే తేడా. రెండో భాగంలో పిల్లలు ఉద్యోగస్థులు. బ్యాడ్జీలు, ర్యాంకులు, పోటీ టీమ్, ఎవరి పనికి ఎవరు పేరు కొట్టేశారన్న గొడవ, సస్పెన్షన్. కార్మెన్ కంప్యూటర్లోకి దూరి తమ్ముడి ఉద్యోగం వెనక్కి తెప్పిస్తుంది. గిగిల్స్ కుటుంబం కూడా ఆఫీసు రాజకీయమే. పిల్లలు గ్యారీ, గెర్టీ మన పిల్లలతో పోటీ పడుతుంటే, వాళ్ళ నాన్న డానగన్ ఏకంగా అధ్యక్షుడు చదవాల్సిన ప్రసంగంలోనే తన పేరు ఎక్కించుకుని గూఢచారి సంస్థ డైరెక్టర్ కుర్చీ కొట్టేస్తాడు. ఇవన్నీ చూసి పెద్దవాళ్ళు నవ్వుతారు, అలవాటైన సంగతులు కాబట్టి. ఎనిమిదేళ్ళ పిల్లకి ప్రమోషన్ పోతే ఏమిటి బాధ? అమ్మానాన్న కనబడకపోతే కలిగే బాధ మాత్రం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఇందులో నాకు చివుక్కుమన్నది ఏమిటంటే, కావలసిన ముడి సరుకు సినిమా మొదటి పది నిమిషాల్లోనే ఉంది. అమ్యూజ్‌మెంట్ పార్కులో అధ్యక్షుడి కూతురు ఒక రైడ్ మీద, ఎక్కకూడని చోటికి ఎక్కి కూర్చుంటుంది. ఎందుకంటే నాన్నకి తనతో గడిపే తీరిక లేదు. నాన్న వచ్చేదాకా దిగనని మొండికేస్తుంది. జూనీ ఆమె దగ్గరికి పాకుతూ వెళ్ళి మాట్లాడతాడు. అదీ మొదటి భాగం వాసన ఉన్న సీన్. కానీ ఆ పిల్లని దించేశాక సినిమా ఆ దారిని వదిలేసి దీవి వైపు వెళ్ళిపోయింది. తర్వాత విందులో జూనీ ఆమెతో బ్యాలే నృత్యం చేస్తాడు, ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ నాన్న సంగతి ఏమైందని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.

చిత్రీకరణ గురించి కొంచెం. మొదటి భాగం ఫిల్మ్ మీద తీశారు. కెమెరా గియర్మో నవారో. 'పాన్స్ లాబిరింత్'కి ఆస్కార్ తీసుకున్నాయన. ఆ ఇంట్లో వెలుగు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, గోడల రంగులు వేడిగా, నీడలు మెత్తగా ఉంటాయి. రెండో భాగం డిజిటల్ కెమెరాతో తీశారు. 2002లో అది ఇంకా కొత్త. అదే ఏడాది మే నెలలో జార్జ్ లూకస్ 'స్టార్ వార్స్' కొత్త భాగం డిజిటల్‌లో తెచ్చాడు. రోడ్రిగెజ్‌కి ఆ కెమెరాలు చూపించి ఆశ పెట్టింది కూడా లూకసే. ఇక ఈయన ఊరుకుంటాడా! రచన, దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, కళ అన్నీ తనే, సంగీతం జాన్ డెబ్నీతో కలిసి. ఒంటిచేత్తో వంటంతా చేసినట్టు. అందుకే సినిమాకి ఒక ఇంటి తయారీ కళ వచ్చింది, అది నాకు నచ్చుతుంది. కానీ వెలుగు మాత్రం చదునైపోయింది. కోస్టారికాలో తీసిన నిజమైన అడవి కూడా కొన్ని చోట్ల వెనకాల అతికించిన పటంలా కనిపిస్తుంది.

ఆ జంతువుల సంగతి వేరు. సాలీడు కాళ్ళ మీద కోతి, రెక్కలున్న పందులు, పాము బల్లి కలిసిపోయిన ఇంకోటి. కంప్యూటర్లో చేసినవే గానీ, కదలికలో కావాలనే ఒక పాతకాలపు కుదుపు పెట్టారు. రే హ్యారీహౌసెన్ అని ఒక మహానుభావుడు ఉండేవాడు. చిన్నచిన్న బొమ్మల్ని రవ్వంత కదిపి ఫొటో తీసి, మళ్ళీ రవ్వంత కదిపి ఫొటో తీసి జంతువుల్ని నడిపించేవాడు. 1963లో 'జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్'లో ఏడు అస్థిపంజరాలు కత్తులు పట్టుకుని పోరాడతాయి. కొద్ది నిమిషాల ఆ పోరాటానికి ఆయనకి నాలుగు నెలలకి పైగా పట్టింది. ఇందాక మీరు చూసిన అస్థిపంజరాల కత్తియుద్ధం ఆయనకి పెట్టిన దండం. పిల్లలకి ఈ చరిత్ర తెలియక్కర్లేదు. ఎముకలు లేచి కత్తి దూస్తే చాలు.

రొమెరో గురించి చెప్పకపోతే పాపం. స్టీవ్ బుషెమి వేసిన సైంటిస్టు. పిల్లలు ఆడుకోవడానికి అరచేతిలో పట్టే జంతువుల్ని చేశాడు. తర్వాత రకానికీ రకానికీ కలిపాడు. పొరపాటున అవి పెరిగిపోయాయి. ఇప్పుడు అవి తినేస్తాయని భయపడి కలుగులో దాక్కున్నాడు. కొరివితో తల గోక్కున్న మనిషి. అతను ఒక మాటంటాడు: దేవుడు కూడా తను సృష్టించినవాటికి భయపడే పైన దాక్కున్నాడేమో అని. పిల్లల సినిమాలో, జోకుల మధ్య, ఈ మాట ఎక్కడినించి ఊడిపడింది? మొదటిసారి విన్నప్పుడు నేను సరిగ్గానే విన్నానా అనుకున్నాను. మొదటి భాగంలో ఇంత లోతైన వాక్యం ఒక్కటీ లేదు, ఒప్పుకోవాలి. నిజానికి ఆ జంతువులు చెడ్డవేం కాదు. ఆయన బయటికొచ్చి చూడలేదు, అంతే.

ఇక గ్యాడ్జెట్లు. దీవి మీద దాచిన యంత్రం చుట్టుపక్కల కరెంటు పరికరాలన్నిటినీ చచ్చుబడేలా చేస్తుంది. పిల్లలు వెంట తెచ్చుకున్న సరంజామా అంతా పనికిరాకుండా పోతుంది. అప్పుడు మిగిలేది రబ్బరు బ్యాండు, బుర్ర. అద్భుతమైన ఏర్పాటు! నేను కుర్చీలో ముందుకి జరిగాను. అక్కాతమ్ముళ్ళు అగ్నిపర్వతంలో పడి, అలా పడుతూ, పడుతూ, ఎంతకీ నేల రాకపోతే విసుగొచ్చి మాటల్లో పడతారే, అది ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. టెన్షన్ కాస్తా బోర్‌గా మారడం! ప్రయాణంలో పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకున్న ఎవరికైనా ఇది తెలుసు. ఏ పరికరమూ లేదు, ఇద్దరు పిల్లలూ వాళ్ళ గొడవా ఉన్నారు. కానీ సినిమాకి అంతసేపు ఖాళీ చేతులతో ఉండే ఓపిక లేదు. వెంటనే ఇంకో జంతువు, ఇంకో పోరాటం. పిల్లల చేతిలోంచి బొమ్మలు లాక్కున్న దర్శకుడు తన చేతిలోవి మాత్రం వదల్లేదు.

అమ్మానాన్నల వంతు చూస్తే, వాళ్ళు పిల్లల వెనకాల పడవలో వస్తుంటారు, వాళ్ళ కథలో పస తక్కువే. కానీ వాళ్ళతో ఇంకో ఇద్దరు ఎక్కారు. అమ్మమ్మ, తాతయ్య. వాళ్ళూ గూఢచారులే! తాతయ్యగా రికార్డో మోంటల్బాన్. ఆయన అప్పటికి నిజజీవితంలోనూ నడవలేకపోయేవారు. సినిమాలోనూ చక్రాల కుర్చీలోనే ఉంటారు, అందరిలోకీ దర్జాగా ఉంటారు. గ్రెగోరియో అంటే ఆయనకి పడదు. జామాతా దశమగ్రహం అంటారు కదా, ఇక్కడ మామగారే దశమగ్రహం. ప్రపంచంలో పేరుమోసిన గూఢచారి బాండెరాస్, మామగారి ముందు మాత్రం తప్పుచేసిన కుర్రాడిలా నిలబడతాడు. మొదటి భాగంలో పిల్లలు తల్లిదండ్రుల్ని కొత్తగా చూశారు. ఇక్కడ తల్లిదండ్రులే ఇంకొకరికి పిల్లలయ్యారు. సీక్వెల్ మొత్తంలో మూలకథని నిజంగా ముందుకి తీసుకెళ్ళిన అడుగు ఇదొక్కటే. దీనికి ఇంకో పావుగంట ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

చివర్లో జూనీ రాజీనామా ఇస్తాడు. ఆఫీసు మునుపటిలా లేదు, మనుషుల కంటే హోదాలే ఎక్కువైపోయాయని వాడి బాధ. మొదటి భాగం చివర్లో పొద్దున్నే అందరూ బల్ల దగ్గర కూర్చుని ఉండగా కొత్త మిషన్ పిలుపొస్తుంది, హాలీవుడ్ హీరో జార్జ్ క్లూనీ తెరమీద కనబడేది అక్కడే. వస్తే నలుగురం కలిసే వస్తాం అంటారు పిల్లలు. గూఢచర్యం తేలికే, ఇల్లు కలిపి ఉంచుకోవడమే కష్టం అంటుంది కార్మెన్. రెండో భాగంలో వాళ్ళు ఆ షరతు ఎక్కడో మర్చిపోయారు. జూనీకి చివరికి గుర్తొచ్చిందేమో.

2024 డిసెంబరులో అమెరికా వాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ చిత్రాల జాబితాలో మొదటి 'స్పై కిడ్స్'ని చేర్చింది. ఏటా పాతిక సినిమాలే తీసుకుంటారు. బొటనవేళ్ళ ఆకారంలో సైనికులున్న సినిమా అక్కడిదాకా వెళ్ళిందంటే నాకు నవ్వూ వచ్చింది, సంతోషమూ వేసింది. రెండోది చేరలేదు. ఆ అస్థిపంజరాల కోసం నేనైతే ఓటేసేవాణ్ణి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: పిల్లల సినిమాని ఇంత కోసి చూడాలా సార్? పిల్లలు నవ్వారు, చాలదా?)

చాలండీ. కానీ నిన్న మొదటిది వేసినప్పుడూ, ఇవాళ రెండోది వేసినప్పుడూ నేను వెనక నించుని చూశాను. నవ్వులు ఇవాళే ఎక్కువ. నిన్న మాత్రం అమ్మానాన్నల్ని పట్టుకెళ్ళినప్పుడు హాలు నిశ్శబ్దమైపోయింది. మూడో వరసలో ఒక బాబు వాళ్ళ నాన్న చొక్కా పట్టుకున్నాడు. ఇవాళ ఎవరూ ఎవరి చొక్కా పట్టుకోలేదు. నేను కోసి చూసిందల్లా ఆ తేడానే.

(ముందు వరసలోంచి ఒక పాప: అంకుల్, వాచీలో టైమ్ లేకపోతే, వాళ్ళకి టైమెంతయిందో ఎలా తెలిసింది?)

చూశారా, ఇంతసేపు మాట్లాడాను గానీ ఇది నాకు తట్టలేదు. నాకు తెలీదమ్మా. నా వాచీలో మాత్రం టైమ్ ఉంది, నాకిచ్చిన ముప్పావుగంట అయిపోయిందని చూపిస్తోంది. ఇదిగో, ఈ రబ్బరు బ్యాండు నువ్వు ఉంచుకో. (నవ్వులు, చప్పట్లు)